ఒక ఇంట్లో రెండు గడ్డాలు

మా మరిది గడ్డం గీసుకోవడం మానేశాడని ఆ వేసవిలో అందరికంటే ముందు కనిపెట్టింది నేనే.

పొద్దున్నే టీ గ్లాసు అందిస్తుంటే బుగ్గ మీద నల్లటి గరుకు కనిపించింది. వేరే ఇంట్లో అయితే అదొక విషయమే కాదు. మాది సెలూన్. ముందు గది షాపు, వెనక ఇల్లు, మధ్యలో ఒక తెర. మా ఇంట్లో మగవాళ్లు అన్నం తినడమైనా మరిచిపోతారు గానీ గడ్డం గీసుకోవడం మరవరు. మాసిన మొహంతో కుర్చీ వెనక నిలబడితే, కూర్చున్నవాడు మనకి మెడ ఎలా అప్పగిస్తాడు అనేవారు మా మామగారు.

ఏడాదికోసారి మాత్రం ఆ నియమం తలకిందులవుతుంది. బక్రీద్ నెలవంక కనిపించిన దగ్గర్నుంచి కుర్బానీ అయ్యేదాకా, కుర్బానీ ఇచ్చే మనిషి జుట్టు కత్తిరించుకోడు, గడ్డం గీసుకోడు, గోళ్లు తీసుకోడు. మా ఇంట్లో ఇచ్చేది ఇంటిపెద్ద ఒక్కడే. ఇంటిల్లిపాది తరఫునా ఆయన పేరు మీద ఒక్క మేకపోతు. కాబట్టి గడ్డం పెంచేది కూడా మా ఆయన ఒక్కరే. వీధికి అదో వేడుక. ఊరందరి గడ్డాలూ గీసే మనిషి తన గడ్డం గోక్కుంటూ నిలబడితే చూడ్డానికి పని లేనివాళ్లు కూడా షాపులోకి తొంగిచూసేవాళ్లు.

మరి మరిది ఎందుకు పెంచుతున్నట్టు?

"బ్లేడు దొరకలేదా?" అన్నాను.

"చర్మం మండుతోంది వదినా," అన్నాడు గ్లాసులోకి చూస్తూ.

"మొన్నటిదాకా మండలేదే."

"ఇప్పుడే మొదలైంది."

అతనికి అబద్ధం చేతకాదు. చెవులు పట్టించేస్తాయి, ఎర్రబడిపోతాయి. శుక్రవారం కోసం కాచుకున్నాను. శుక్రవారం పొద్దున్న అన్నదమ్ములిద్దరూ గడప మీద కూర్చుని గోళ్లు తీసుకోవడం నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ చూస్తున్నాను. నెలవంక రోజుల్లో మా ఆయన మానేస్తారు, మరిది ఒక్కడే కూర్చుంటాడు. ఆ శుక్రవారం గడప ఖాళీగా ఉంది.

దాంతో నాకు విషయం అర్థమైపోయింది. ఈ ఏడు అతను కూడా కుర్బానీ ఇస్తున్నాడు, తన పేరు మీద. ఒక ఇంటికి ఒక పేరే. రెండో పేరు వచ్చిందంటే రెండో ఇల్లు వచ్చినట్టే. అతను వేరు పడుతున్నాడు. ఆ మాట నోటితో అనలేక గడ్డంతో అంటున్నాడు.

మా ఆయనకి ఎప్పుడు తెలుస్తుంది, తెలిసిన రోజున ఈ ఇంట్లో ఏమవుతుంది? ఆ రోజులన్నీ నేను ఆ ఒక్క ప్రశ్నతోనే లేచాను, ఆ ఒక్క ప్రశ్నతోనే పడుకున్నాను.

* * *

తెలియడానికి ఎంతో కాలం పట్టలేదు. బయటపెట్టింది వీధి చివరి దర్జీ.

వీధిలో మా ఆయన్ని పెద్దకుర్చీ అనీ, మా మరిదిని చిన్నకుర్చీ అనీ పిలిచేవాళ్లు. పెద్దకుర్చీ వీధిలోకి చూస్తుంది, ఫ్యాను సరిగ్గా దాని నెత్తి మీదే తిరుగుతుంది. చిన్నకుర్చీ లోపలి గోడ పక్కన ఉంటుంది, దాని అద్దం ఒక మూల పాదరసం పోయి మచ్చ పడింది. పాత కస్టమర్లు పెద్దకుర్చీలోనే కూర్చుంటారు. ఖాళీ లేకపోతే పేపరు తిరగేస్తూ ఆగుతారు తప్ప చిన్నకుర్చీ వైపు చూడరు. అక్కడ కూర్చునేది తొందరలో ఉన్నవాళ్లూ, ఏడ్చే పిల్లలూ. నిజం చెప్పాలంటే మరిది చెయ్యే తేలిక. ఆ సంగతి మా ఆయనకీ తెలుసు.

ఆ రోజు నేను తెర వెనక తువాళ్లు మడతపెడుతున్నాను. దర్జీ పెద్దకుర్చీలో మెడదాకా గుడ్డ కప్పుకుని కూర్చున్నాడు.

"సెలూన్‌కొచ్చానా, ఆసుపత్రికొచ్చానా?" అన్నాడు అద్దంలోంచి ఇద్దరినీ చూస్తూ. "అన్నదమ్ములిద్దరూ జ్వరం పడి లేచినట్టున్నారే."

"మాట్లాడకు, చెవి తెగుతుంది," అన్నారు మా ఆయన.

"నీ సంగతి సరే, ఏటా ఉండేదే. చిన్నకుర్చీకేమొచ్చింది?"

మరిది చేతిలో పిల్లాడి తల ఉంది. వంచిన తల ఎత్తలేదు. "ఎండలు," అన్నాడు.

"ఎండకి గడ్డం మొలవడం ఇప్పుడే వింటున్నా. ఏమయ్యా, కొత్త బజార్లో నీ షాపుకి అద్దాలు బిగిస్తున్నారట కదా. మా బావమరిది చెప్పాడు, నిలువెత్తు అద్దాలట, మనిషి కాళ్లు కూడా కనపడతాయట. సెలూన్లో కాళ్లెందుకయ్యా చూసుకోవడం?"

కత్తెర చప్పుడు ఆగింది. మా ఆయన కత్తెర చేతిలో ఉంటే కస్టమరు లేకపోయినా గాల్లో టకటకలాడుతూనే ఉంటుంది. ఆ చప్పుడుతోనే నాకు పొద్దు గడిచేది. అది ఆగేసరికి నా చేతిలో తువాలు కూడా ఆగింది.

తెర సందులోంచి చూశాను. మా ఆయన అద్దంలో తమ్ముడి గడ్డాన్ని చూస్తున్నారు. ఆ చూపు గడ్డం మీంచి చేతుల మీదికి, గోళ్ల మీదికి దిగింది. నేను రోజుల తరబడి ఆరా తీసింది ఆయనకి ఒక్క చూపులో తెలిసిపోయింది.

తర్వాత కత్తెర మళ్లీ మొదలైంది.

"తల కొంచెం పక్కకి వంచు," అన్నారు దర్జీతో.

* * *

"అడగండి," అన్నాను ఆయన భోజనానికి కూర్చున్నప్పుడు.

"ఏం అడగాలి?"

"మీకు తెలుసు ఏం అడగాలో."

"వాడే చెప్పాలి."

"వాడు చెప్పలేడు. మీరంటే భయం."

"భయమున్నవాడు నిలువెత్తు అద్దాలు బిగిస్తాడా?" అన్నారు. కంచంలో చెయ్యి కడిగేసి లేచిపోయారు.

ఇటు చూస్తే తోడికోడలు వంటింట్లో నా పక్కనే కూర్చుని ఉల్లిపాయలు తరుగుతూ, నా మొహం వంక చూడకుండా తప్పించుకు తిరుగుతోంది. దాన్ని నేను చెల్లీ అనే పిలిచేదాన్ని. దానికో కూతురు, ఏది దాచినా పసిగట్టే పిల్ల. ఒకరోజు దాగుడుమూతలాడుతూ వచ్చి నా కొంగు పట్టుకుంది.

"పెద్దమ్మా, మా అమ్మ మంచం కింద డబ్బాలో కొత్త పొయ్యి ఉంది."

చెల్లి చేతిలో కత్తి ఆగిపోయింది. నేను దాని వంక చూశాను. అది ఉల్లిపాయల వంక చూసింది.

"కళ్లు మండుతున్నాయక్కా," అంది.

"మీ ఆయనకి చర్మం మంట, నీకు కళ్ల మంట. ఇంటికి నిప్పంటుకున్నట్టుంది."

అది నవ్వబోయి ఏడ్చేసింది. "నేను పొమ్మనలేదక్కా. మా అన్నయ్య షాపు చూపించినప్పుడు కూడా వద్దనే అన్నాను. ఈయనే."

"ఈయనకేమొచ్చింది? మేమేమన్నా తక్కువ చేశామా?"

"తక్కువ కాదక్కా. పండగనాడు కసాయి కత్తి పట్టుకుని ఎవరి పేరు అని అడుగుతాడు కదా. ఏటా ఈయన మేక కాళ్లు పట్టుకుని కూర్చుంటాడు, బావగారి పేరు వినపడుతుంది. ఒక్కసారి తన పేరు వినపడాలట. రాత్రి నిద్రలో కూడా అదే గొడవ."

కోపం తెచ్చుకుందామనుకున్నాను, రాలేదు. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టేటప్పటికి అతను నా భుజం దాకా ఉన్నాడు. మొదటిసారి గడ్డం గీసుకుని తెగ్గోసుకుంటే దూది అద్దింది నేను. ఆ మనిషి ఇన్నేళ్లుగా మచ్చ పడిన అద్దంలో తన మొహం చూసుకుంటున్నాడని నాకెప్పుడూ తట్టలేదు.

* * *

మా ఆయన మేకపోతును తెచ్చారు. గోధుమరంగుది, బుద్ధిమంతురాలైన ఆడపిల్లలాగా తల దించుకుని వచ్చింది. నిండుగా పళ్లు, వంక పెట్టడానికి లేని కాళ్లు, ఒక మాదిరి కొమ్ములు. పెరటి గోడ నీడలో కట్టేశారు.

మర్నాడు మా మరిది ఇంకోటి తెచ్చాడు. నల్లది, పెద్దది, కొమ్ములు వెనక్కి మెలితిరిగి ఉన్నాయి. గుమ్మం దాటేటప్పుడే నా నీళ్ల బిందెను పొడిచింది. పెరటి రెండో మూలన, జామచెట్టు మొదట్లో దాన్ని కట్టాడు. అక్కడ పొద్దున నీడ ఉంటుంది గానీ మధ్యాహ్నం తిరిగితే ఎండ నేరుగా పడుతుంది.

అన్నదమ్ములిద్దరూ పెరట్లో ఎదురుపడ్డారు. పిల్ల మధ్యలో నిలబడింది.

"రెండెందుకు పెదనాన్నా?" అంది.

"మీ నాన్ననడుగు."

"రెండెందుకు నాన్నా?"

"ఆడుకోవడానికి వాటికి తోడుండాలి కదా," అన్నాడు మరిది.

పిల్ల ఆలోచించింది. "మరి దూరంగా కట్టారేంటి?"

ఇద్దరూ ఒకేసారి షాపులోకి వెళ్లబోయి తెర దగ్గర ఆగారు. నువ్వు వెళ్లంటే నువ్వు వెళ్లు అన్నట్టు నిలబడి, చివరికి ఇద్దరూ ఇంటి చుట్టూ తిరిగి వీధిలోంచి వెళ్లారు.

ఆ నాలుగు రోజులు ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. మాటల్లేవు. సబ్బు నురగ గిన్నె ఇచ్చిపుచ్చుకోవాలన్నా బల్ల మీద పెట్టి పక్కకు జరిగేవాళ్లు. కానీ నేను వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడు మా ఆయన పెరట్లోకి వచ్చి, అటూ ఇటూ చూసి, నల్లదాని ముందు నీళ్ల గిన్నె పెట్టేవారు. కాసేపటికి మరిది వచ్చి, అటూ ఇటూ చూసి, జేబులోంచి లేత ఆకులు తీసి గోధుమరంగుదానికి తినిపించేవాడు. దొంగలు కూడా అంత జాగ్రత్తగా ఉండరు. ఇద్దరి దొంగతనమూ నాకొక్కదానికే తెలుసు. ఎవరికీ చెప్పలేదు. మేకల దగ్గరైనా కలుస్తున్నారు కదా అనుకున్నాను.

ఆ జాలి మనసే మా కొంప ముంచింది.

* * *

పండగ ముందు రోజు. ఎండ మండిపోతోంది. మరిది కొత్త బజారుకు వెళ్లాడు, తలుపుల వాడు రమ్మన్నాడని. నల్లది జామచెట్టు కింద నాలుక బయటపెట్టి రొప్పుతోంది. మా ఆయన వచ్చి చూశారు. తువాలు నెత్తిన వేసుకుని కాసేపు నిలబడ్డారు. తర్వాత తాడు విప్పి, నల్లదాన్ని గోడ నీడలోకి నడిపించుకు వెళ్లి, గోధుమరంగుదానికి కాస్త ఎడంగా కట్టడానికి మేకు వెతుకుతున్నారు.

"అక్కడొద్దండీ," అన్నాను కిటికీలోంచి.

వినపడిందో లేదో. నల్లది ఒక్కసారి వెనక్కి తగ్గి, ముందు కాళ్లు గాల్లోకి ఎత్తింది. మా బుద్ధిమంతురాలు తల ఎత్తలేదు, నుదురు ముందుకు పెట్టి నిలబడింది. రాళ్లు రెండు కొట్టుకున్న చప్పుడు. మా ఆయన తాడు లాగుతూనే ఉన్నారు. రెండోసారి పెళుక్కుమంది.

నేను పరుగెత్తుకుని వెళ్లేసరికి నల్లదాని ఎడమ కొమ్ము మొదలంటా విరిగి వేలాడుతోంది. నెత్తురు కంట్లోకి కారుతోంది. గోధుమరంగుది ఏమీ ఎరగనట్టు ఆకు నములుతోంది.

అదే సమయానికి మరిది పెరటి తలుపు తోసుకుని వచ్చాడు.

అతనికి కనిపించింది ఇది. నెత్తురోడుతున్న తన మేక, పక్కన తాడు చేతిలో పట్టుకున్న అన్న.

అతను చాలా నెమ్మదిగా అన్నాడు.

"నా పేరు ఒక్కసారి వినపడితే ఓర్చుకోలేకపోయావా అన్నయ్యా?"

పొద్దస్తమానం పది మందికి జవాబులు చెప్పే మా ఆయన తాడు కింద పెట్టి, చేతులు తువాలుకి తుడుచుకుని లోపలికి వెళ్లిపోయారు.

"ఎండలో ఉందని నీడకి మార్చారయ్యా," అన్నాను. "నేను కళ్లారా చూశాను. రోజూ నీళ్లు పెడుతున్నది కూడా ఆయనే."

మరిది నా వంక చూశాడు. మేక వంక చూశాడు. నీళ్ల గిన్నె గోడ పక్కనే ఉంది. అనేసిన మాట వెనక్కి తీసుకోవడానికి అతనికి దారి దొరకలేదు. గుడ్డ చింపి మేక తలకి కట్టు కట్టడం మొదలుపెట్టాడు.

కట్టు కట్టి ఇంకో మేకపోతు కోసం సంతకు పరుగెత్తాడు. పొద్దు వాలుతుండగా ఖాళీ చేతులతో వచ్చాడు. మిగిలినవన్నీ కుర్బానీకి చాలని, పళ్లు రాని పిల్లలట, ఒకటి కుంటిదట. కుర్బానీ పండగ మర్నాడైనా ఇవ్వొచ్చు, కానీ అతని దగ్గరున్నదంతా నిలువెత్తు అద్దాల్లోకి పోయింది. అన్నని అడగడు. అడగకముందే ఇస్తే అసలు తీసుకోడు.

* * *

ఇమాం గారికి నేనే కబురు పంపాను.

ఆయన వచ్చి కట్టు విప్పించి చూశారు. కళ్లజోడు పైకి తోసుకుని మళ్లీ చూశారు.

"పైపైన విరిగుంటే సరిపెట్టుకుందుము. ఇది మొదలంటా పోయింది. కుర్బానీకి లోపం లేనిది ఉండాలి. పనికిరాదు నాయనా."

మరిది తలాడించాడు. మా ఆయన తలుపుకి ఆనుకుని నిలబడ్డారు. చెల్లి పిల్లను పట్టుకుని నా వెనకాల ఉంది.

"అయినా కంగారెందుకు?" అన్నారు ఇమాం గారు. "రెండోది దివ్యంగా ఉందిగా. కలిసుండేవాళ్లకి ఒక్కటి చాలు. వేరైతేనే ఎవరిది వాళ్లు ఇచ్చుకోవాలి." ఇద్దరి గడ్డాల వంకా చూసి ఆగారు. "అందుకని అడుగుతున్నాను, తప్పుగా అనుకోకండి. మీది ఒక పొయ్యా, రెండా?"

ఇన్ని రోజులూ ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న. మా ఆయన నేల చూపులు చూస్తున్నారు. మరిది ఆకాశం చూస్తున్నాడు.

ఇక మగవాళ్లతో అయ్యే పని కాదని నాకనిపించింది.

"ఒకటే ఇమాం గారూ," అన్నాను. "రెండోది ఇంకా డబ్బా విప్పలేదు."

చెల్లి నా వీపు మీద గిల్లింది. ఇమాం గారు గడ్డంలో నవ్వుకున్నారు. "అయితే చిక్కే లేదు. ఏటా లాగే ఇంటిపెద్ద పేరు మీద కానివ్వండి," అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు.

నేను ఇల్లు నిలబెట్టాననుకున్నాను. మరిది మొహం చూశాక తెలిసింది, అతనికి కావలసిన ఒక్కటీ నా చేత్తోనే తీసేశానని. మళ్లీ ఇంటిపెద్ద పేరే.

అతను షాపులోకి వెళ్లాడు. దీపం వేసిన చప్పుడు, నీళ్ల చప్పుడు. తెర తొలగించి చూస్తే చిన్నకుర్చీ ముందు నిలబడి, మొహం నిండా నురగ రాసుకుని కత్తి తీస్తున్నాడు. ఇచ్చేవాడు కానప్పుడు గడ్డమెందుకని.

మా ఆయన నన్ను దాటుకుని లోపలికి వెళ్లారు.

"కత్తి కింద పెట్టు," అన్నారు.

"ఇచ్చేది నువ్వే కదన్నయ్యా. నాకెందుకిది?"

"రేపటిదాకా ఉంచు."

"ఎందుకు?"

"ఉంచమన్నాను. కడిగేసుకో. సబ్బు ఆరితే మండుతుంది."

మరిది అద్దంలో అన్నని చూశాడు. ఇన్నేళ్లూ పెద్దవాడు చెప్పింది చేయడం అలవాటు. మొహం కడుక్కున్నాడు.

* * *

పొద్దున నమాజుకు అన్నదమ్ములిద్దరూ కొత్త బట్టలతో, మాసిన గడ్డాలతో ముందొకరు వెనకొకరు వెళ్లారు, అలాగే వచ్చారు. కసాయి వీధిలో రెండిళ్లు ముగించుకుని మా పెరట్లోకి వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఆవలిస్తూ ఉండే మనిషి. ఒక జీవం ముందు ఇంకో జీవాన్ని కోయకూడదు. కట్టు కట్టుకున్న నల్లదాన్ని పిల్ల చేత ముందే వీధి వైపుకు పంపించాడు. కత్తిని వీపు వెనక దాచుకున్నాడు. మా ఆయన గోధుమరంగుదానికి నీళ్లు తాగించి, మెడ నిమిరి, తల పశ్చిమానికి తిప్పి పడుకోబెట్టారు. మరిది ఏటా కూర్చునే చోటే కూర్చుని కాళ్లు పట్టుకున్నాడు.

నేను, చెల్లి కిటికీ దగ్గర ఉన్నాం. అది నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎవరి పేరు?" అన్నాడు కసాయి, జవాబు తనకి తెలిసిందే అన్నట్టు వంగుతూ.

మా ఆయన ఒక పేరు చెప్పారు. తన పేరు కాదు.

కసాయి వంగినవాడు లేచాడు. "తమ్ముడి పేరా?"

"ఆఁ. వాడూ, వాడి ఇంటివాళ్లూ."

"మరి మీరు?"

"నేను వాడి ఇంటివాణ్నే," అన్నారు మా ఆయన. "కానివ్వు, ఎండెక్కుతోంది."

కసాయి మా మరిది పేరు పైకి చదివాడు. గోడ అవతల దాకా వినపడేంత గట్టిగా.

మరిది తలెత్తలేదు. చేతులు కాళ్ల మీద నుంచి తియ్యలేదు. అతని చెవులు మాత్రం ఎర్రగా అయిపోయాయి. "ఆ పక్క గట్టిగా పట్టుకో అన్నయ్యా, జారుతోంది," అన్నాడు.

"పట్టుకున్నాలేరా," అన్నారు ఆయన.

పని అయ్యాక షాపు తలుపు సగం మూసి, తమ్ముణ్ని పెద్దకుర్చీలో కూర్చోబెట్టి గడ్డం గీశారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తెర దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. తమ్ముడు లేచి వెళ్లాక కూడా కత్తెర ఖాళీ కుర్చీ మీద చాలాసేపు టకటకలాడింది.

* * *

అయినా వాళ్లు వెళ్లారు. కథల్లోలాగా ఆగిపోలేదు. వానలు మొదలయ్యేలోపు కొత్త బజార్లో షాపు తెరిచారు, దాని మీదే రెండు గదుల ఇల్లు. సామాను మోసింది మా ఆయనే. నిలువెత్తు అద్దాల ముందు నిలబడి, "కాళ్లు నిజంగానే కనపడుతున్నాయి," అన్నారు. దర్జీ ఆ వారమే వెళ్లి అక్కడ తల ఇచ్చి వచ్చి, చెయ్యి తేలిక అని వీధంతా చాటాడు. కట్టు విప్పాక నల్లది ఒంటికొమ్ముతో ఎవరి మాటా వినకుండా తిరిగి, చివరికి పిల్ల వెంటే వెళ్లిపోయింది.

ఇంట్లో సబ్బు వాసన అలాగే ఉంది, కుర్చీలు రెండూ అలాగే ఉన్నాయి. వంటింట్లో మాత్రం నేను చాలాకాలం ఎక్కువ బియ్యం పోసేస్తూ ఉండేదాన్ని.

మరుసటి ఏడు పండగకి అన్నదమ్ములిద్దరికీ గడ్డాలు పెరిగాయి. ఇద్దరూ ఎవరి ఇంట్లో వాళ్లు, ఎవరి పేరు మీద వాళ్లు.

కుర్బానీ మాంసం మూడు వాటాలు వేస్తాం. ఒకటి ఇంటికి, ఒకటి బంధువులకి, ఒకటి లేనివాళ్లకి. మూడు గిన్నెలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. లేనివాళ్లది పంచేశాం. బంధువులవి పొట్లాలు కడుతున్నాను. మా ఆడపడుచుకి, మా అన్నయ్యకి, ఆపైన మరిదికి. చెయ్యి ఆగింది.

మధ్యాహ్నానికి మరిదే వచ్చాడు. చేతిలో మూత డబ్బా. గడప దగ్గర చెప్పులు విడిచి, లోపలికి రాకుండా నిలబడ్డాడు.

"మీ చెల్లి ఇచ్చి రమ్మంది వదినా."

మా ఆయన అందుకున్నారు. "ఏ వాటాలోంచి?" అన్నారు.

అతనికి అబద్ధం చేతకాదని చెప్పాను కదా. "బంధువుల వాటా అన్నయ్యా," అన్నాడు. "వేరే పొయ్యి కదా ఇప్పుడు."

"అవును మరి," అన్నారు మా ఆయన. డబ్బాను రెండు చేతులతో పట్టుకుని లోపలికి తెచ్చి నాకిచ్చారు. నా మొహం వంక చూడలేదు.

నేను అదే డబ్బా ఖాళీ చేసి, నిండా పెట్టి, మూత బిగించి మరిదికి ఇచ్చాను. అతను కాసేపు కూర్చున్నాడు, నీళ్లు తాగాడు, కస్టమర్లు ఆగుతారని లేచాడు. మా ఆయన వీధి మలుపు దాకా వెళ్లి వచ్చారు.

భోజనానికి కూర్చున్నప్పుడు ఆయన ఇంటి గిన్నె వంక చూశారు. అడుగు కనపడుతోంది. పక్కన బంధువుల గిన్నెలో ఇంకా మిగిలే ఉంది.

"ఇదేంటి, ఇంటి వాటా ఇంత తగ్గింది?" అన్నారు. "ఉన్నది మనమిద్దరమేగా."

"ఇంటివాళ్లందరికీ పెట్టాను," అన్నాను. "మిగిలింది ఇదే."

ఆయన కంచం ముందుకు జరుపుకున్నారు.